కొల్లేరా, కోరింగా? మీథేన్ సూక్ష్మజీవులపై పీహెచ్‌డీకి చోటు ఎంపిక

ప్రశ్న

నమస్కారమండి. సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి ఈ ఏడాదే పీహెచ్‌డీలో చేరాను. ఉష్ణమండల చిత్తడి నేలల నుంచి వెలువడే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లకూ అక్కడి బురదలోని సూక్ష్మజీవులకూ ఉన్న సంబంధం నా అంశం. ఇందుకు కొల్లేరును తీసుకోవాలా, కోరింగ మడ అడవులను తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఉప్పునీటిలో మీథేన్ పుట్టదని చదివాను కనుక కోరింగలో కొలవడానికేమీ ఉండదేమోనన్నది ఒక సందేహం. బురద తెచ్చి డీఎన్ఏ సీక్వెన్సింగ్ చేయిస్తే సరిపోతుందా అన్నది మరొకటి.

మొదటి జవాబు

ఉప్పునీటిలో మీథేన్ పుట్టదన్నది సగమే నిజమండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. ఆక్సిజన్ అందని బురదలో ఆ సల్ఫేట్‌తో శ్వాసించే బాక్టీరియా, హైడ్రోజన్‌నూ అసిటేట్‌నూ ముందుగా తామే వాడేసుకుని, మీథేన్ తయారుచేసే ఆర్కియాకు (బాక్టీరియాలా కనిపించే వేరే సూక్ష్మజీవుల వర్గం) దక్కకుండా చేస్తాయి. మడ బురద నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేయడం ఈ బాక్టీరియా పని వల్లనే. అయితే మిథైలమీన్లు, మిథనాల్ వంటి వాటి జోలికి అవి అంతగా రావు. రాలిన ఆకులు, చచ్చిన జీవాలు కుళ్లేటప్పుడు ఏర్పడే ఈ పదార్థాలతో కొన్ని ఆర్కియా ఉప్పులోనూ మీథేన్ తయారుచేస్తూనే ఉంటాయి.

పైగా కోరింగలో వరదల కాలంలో గోదావరి నీరు దిగి ఉప్పదనం బాగా తగ్గుతుంది, వేసవికి మళ్లీ పెరుగుతుంది. ఒకే చోట, ఒకే బురదలో ఈ రెండు వర్గాల పోటీ ఏటా ఎలా తిరగబడుతుందో చూడగలగడం చిన్న అవకాశం కాదు. నేనైతే కోరింగనే ఎంచుకుంటాను.

రెండవ జవాబు

చోటు ఏదైనా, డీఎన్ఏ ఒక్కటే సరిపోదు. బురదలో ఎవరున్నారో అది చెబుతుంది కానీ, వారిలో ఆ రోజు ఎవరు పనిచేస్తున్నారో చెప్పదు. మీథేన్ తయారీకి సంబంధించిన ఎంసీఆర్‌ఏ జన్యువునూ, మీథేన్‌ను ఆరగించే బాక్టీరియాలోని పీఎంఓఏ జన్యువునూ ఆర్ఎన్ఏ (పనిచేస్తున్న జన్యువుల నుంచి తయారయ్యే నకలు) స్థాయిలో చూడండి. అందుకు బురదను తీసినచోటే లోతు వారీగా కోసి వెంటనే ద్రవ నత్రజనిలో పెట్టాలి. పడవలో ఒడ్డుకు చేరేదాకా ఆగితే ఆర్ఎన్ఏ మారిపోతుంది.

వాయువును కూడా అదే రోజు, అదే చోట కొలవాలి. బురదపై చాంబర్ (గాలి చొరబడని డబ్బా) బోర్లించి, కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో గాలి తీసి, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లో చూస్తారు. పక్కన కాలు పెడితే చాలు, బురదలో చిక్కుకున్న బుడగలు పైకి తన్నుకొస్తాయి కనుక ముందే పలకల దారి వేసుకోండి. వాటంతట అవి పైకి వచ్చే బుడగల సంగతి వేరు. అలాంటి బుడగ చాంబర్‌లో పడగానే రీడింగు ఒక్కసారిగా ఎగుస్తుంది, గ్రాఫులో గీత వంకర పోతుంది. చాలామంది ఆ రీడింగును తప్పుగా భావించి తీసిపారేస్తారు. దయచేసి అలా చేయకండి. లోతు తక్కువ నీటిలో మీథేన్ చాలావరకు బుడగలుగానే బయటపడవచ్చు. వాటిని విడిగా పట్టడానికి నీటిలో గరాటాలు బోర్లించి ఉంచాలి. కిక్కిస, జమ్ము మొక్కలను కూడా కొన్ని చాంబర్ల లోపల ఉంచి కొలవండి. వాటి కాడల్లోని గాలి గొట్టాల గుండా పోయే మీథేన్, పై పొరలోని మీథేన్ భక్షక బాక్టీరియాకు చిక్కకుండా నేరుగా గాలిలో కలుస్తుంది.

మూడవ జవాబు

మాది కైకలూరు ప్రాంతం. కొల్లేరును మంచినీటి సరస్సనే అంటున్నా, వేసవిలో నీరు తగ్గినప్పుడు సరస్సును సముద్రంతో కలిపే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది కాబట్టి ఉప్పదనం ప్రశ్నను ఇక్కడా పరిశీలించవచ్చు. నైట్రస్ ఆక్సైడ్ మీద దృష్టి ఉంటే మాత్రం కొల్లేరునే తీసుకోమంటాను. 2005-06లో +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినా, చుట్టుపక్కల చేపల సాగు ఆగలేదు. మేతలోని, ఎరువులోని నత్రజనిలో చేపల ఒంటికి పట్టేది కొంతే. మిగిలినది నీటిలోనూ బురదలోనూ చేరి బాక్టీరియా చేతుల్లో పడి, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించడంలో నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు తీవ్రమైనది కనుక, కొద్దిపాటి విడుదలైనా పట్టించుకోవలసిందే.

కొల్లేరు, కోరింగ రెండూ అభయారణ్యాలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి తీసుకోకుండా బురద తీయకూడదు. మీ గైడు గారి సంతకంతో దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, వానలు మొదలయ్యేలోగా అనుమతి చేతికి రాకపోతే ఉప్పదనం మారే ఆ మొదటి నెలలు ఈ ఏటికి దాటిపోతాయి.