పాపకు నడక వస్తోంది, మామగారికి చూపు తగ్గింది: ఇంట్లో ముందు ఏది సరిచేయాలి?

పడమటిగాలి:

ఈ మధ్యే మామగారు మా దగ్గరకు వచ్చేశారు. చూపు బాగా తగ్గింది, రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేస్తారు. పాప గోడ పట్టుకుని నడుస్తోంది, చేతికి అందినదల్లా నోట్లోకే. ఇంటి భద్రత గురించి నేను గోల పెట్టగా పెట్టగా మావారు ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనుక్కొచ్చి, వంటింట్లో పొయ్యి పక్కన గోడకు తగిలించి చేతులు దులుపుకున్నారు.

నాకేమో ఎటు చూసినా భయమే. కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు. వీధి తలుపుకూ పెరటి తలుపుకూ రాత్రి లోపలి నుంచి తాళం వేస్తాం, తాళంచెవులు మావారి జేబులో ఉంటాయి. స్నానాల గదిలో కొళాయి తిప్పితే ఒక్కోసారి వేళ్లు జివ్వుమంటాయి, గీజరు ఆపేస్తే అలా ఉండదు. వంటింట్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఓవెనూ, నీళ్లు కాచే కెటిలూ, మిక్సీ.

ఇంటర్నెట్‌లో జాబితాలు చూస్తే చాంతాడంత ఉన్నాయి. అన్నీ ఒక్కసారిగా చేసే డబ్బూ లేదు, ఓపికా లేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

మూడో తీగ:

అమ్మా, ఇది చదవగానే లేచి గీజరుకు వెళ్లే ఎంసీబీని, అంటే మెయిన్ బోర్డులో కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్‌ను, కిందికి దించేయండి. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు. బాగుచేసే దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

జివ్వుమనడం అంటే గీజరులోని కరెంటు మీ ఒంటి గుండా నేలలోకి దారి వెతుక్కుంటోందని. లోపల హీటింగ్ ఎలిమెంట్ పైతొడుగు చిట్లి ఉంటుంది. అది ఒక్కటే అయితే కరెంటు ఎర్త్ తీగలోంచి పోయేది, మీకు తెలిసేది కాదు. మీ వేళ్ల దాకా వచ్చిందంటే ఎర్త్ కూడా సరిగ్గా లేదన్నమాట. ఈ రోజు జివ్వుమన్నది, ఒళ్లంతా తడిసి నేల మీద నిలబడ్డ రోజున జివ్వుమనడంతో ఆగదు.

చాలామంది ‘మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయిగా’ అంటారు. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. లోడు ఎక్కువైనా షార్ట్ అయినా పడిపోతుంది, అంతే. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా పడితే అది కనిపెట్టి 0.3 సెకన్లలోపే సరఫరా కోసేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయేది పెట్టించండి. 100, 300 అని రాసి ఉన్నవి మనిషికి షాక్ తగలకుండా కాపాడటానికి పనికిరావు. దాని మీద ‘టి’ అని చిన్న మీట ఉంటుంది. మూడు నెలలకోసారి నొక్కండి, పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇంకొక్క మాట. వచ్చిన ఎలక్ట్రీషియన్ ‘ఎర్త్ లేదు, ఈ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తా’ అంటే వెంటనే ఆపండి. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. ఎప్పుడైనా అది తెగితే గీజరు డబ్బా మొత్తం కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. ఎర్త్ అంటే నేలలోకి వెళ్లే విడి తీగే.

ఓవెన్, కెటిల్ ఒకే బోర్డు మీద వద్దు. వేడి పుట్టించే ప్రతి పరికరానికీ గోడలో దాని సాకెట్ దానికి ఉండాలి. వాడాక ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే లోపల ఎక్కడో వదులైంది.

పాతసైరన్:

ముందు ఆయన చెప్పింది చేయండి, ఆ తర్వాతే నాది. పదవీ విరమణ దాకా అగ్నిమాపక దళంలోనే పనిచేసినవాణ్ని, కాబట్టి కొంచెం చాదస్తంగానే మాట్లాడతాను.

మీవారు కొన్న వస్తువు మంచిదే, తగిలించిన చోటే తప్పు. పొయ్యి అంటుకుంటే దాన్ని అందుకోవడానికి మంట మీదుగా చేయి చాపాలి. వంటింటి గుమ్మం దగ్గరకు, మీరు బయటపడే దారి వైపు మార్చండి. గుండ్రటి మీటరులో ముల్లు పచ్చ గీతలో ఉందేమో అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. వాడాల్సి వస్తే వీపు గుమ్మం వైపు పెట్టుకుని పిన్ను లాగి, మంట అడుగున కొట్టండి. అందరూ పైకి లేచిన మంట మీద కొడతారు, అదంతా వృథా. ఇంట్లో పెట్టుకునే చిన్న ఎక్స్‌టింగ్విషర్ పది సెకన్లు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది. చెత్తబుట్టంత మంటకు అది చాలు. పరదాకు అంటుకుని పైకప్పు దాకా పోయిందంటే దాన్ని అక్కడే వదిలేసి నడవండి.

బాణలిలో నూనె అంటుకుంటే మాత్రం ఎక్స్‌టింగ్విషర్ జోలికి వెళ్లేముందు మూత వెతకండి. పొయ్యి కట్టేసి, మూతను పక్క నుంచి జరుపుతూ కప్పేయాలి. చల్లారే దాకా తీసి చూడకూడదు. బాణలిని ఎత్తి బయటికి తీసుకెళ్లబోయి ఒళ్లు కాల్చుకున్నవారిని చాలామందిని చూశాను. నీళ్లు చుక్క కూడా పోయకూడదు. నీరు నూనె కంటే బరువు, అడుగుకు దిగుతుంది. ఆ వేడికి అక్కడే ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది.

అయితే మీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్నది ఇవేవీ కావు, జేబులో తాళంచెవులు. కిటికీలన్నిటికీ ఊచలు, రెండు తలుపులకూ తాళాలు, చెవులు ఒక్క మనిషి దగ్గర. దొంగ లోపలికి రాకుండా కట్టుకున్నది మీరు బయటికి పోకుండా కూడా కట్టుకున్నారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. కనీసం ఒక్క పడకగది కిటికీకైనా లోపలి నుంచి గడియ తీసి తెరిచే ఊచల తలుపు పెట్టించండి.

తర్వాత ఒక పని చేయండి. ఒక రాత్రి అందరూ మేలుకుని ఉండగానే దీపాలన్నీ ఆర్పేసి, మీ మంచం నుంచి వీధి గుమ్మం దాకా వంగి, గోడ తడుముకుంటూ నడవండి. వంగమన్నది ఎందుకంటే పొగ పై నుంచి కమ్ముతుంది, పీల్చదగ్గ గాలి ఉంటే నేలకు దగ్గరగానే. కాలికి తగిలినదల్లా, చేతికి అడ్డొచ్చినదల్లా రాసుకోండి. మీరు అడిగిన జాబితా అదే. పొగలో మిమ్మల్ని పడేసే చెప్పుల స్టాండు, అంచు లేచిన చాప రోజూ రాత్రి మీ మామగారిని పడేయడానికి కాచుకుని ఉన్నవే. ఆయన మంచం నుంచి స్నానాల గది దాకా నేల ఖాళీ చేసి, ఒక చిన్న దీపం రాత్రంతా వెలగనివ్వండి.

పొగ వాసనకు మెలకువ వస్తుందని నమ్ముకోకండి. నిద్రలో వాసన తెలియదు. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఉన్న తెలివిని కూడా పోగొడుతుంది. అందుకే పడకగదుల బయట పైకప్పుకు పొగ అలారం ఉండాలి. నెలకోసారి మీట నొక్కి మోగించండి, పదేళ్లు దాటితే మార్చేయండి. తలుపులు మూసి పడుకోండి. మామూలు చెక్క తలుపు కూడా పొగను కొన్ని నిమిషాలు ఆపుతుంది. అలారం మోగితే పాపను ఎవరు ఎత్తుకోవాలి, మామగారి చేయి ఎవరు పట్టుకోవాలి, బయట ఎక్కడ కలవాలి అన్నది ఇప్పుడే అనుకోండి. బయటికొచ్చాక ఫోను కోసమో కాగితాల కోసమో మళ్లీ ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

గ్యాస్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. బండలోని ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. గొట్టాల్లో వచ్చే సహజవాయువు తేలిక, పైకి పోతుంది. అందువల్ల గ్యాస్ అలారం మొదటిదానికి నేల దగ్గర, రెండోదానికి పైకప్పు దగ్గర పెట్టాలి. వాసన వస్తే ఫ్యాను వేయొద్దు, లైటు వేయొద్దు, వెలుగుతున్నదాన్ని ఆపొద్దు కూడా. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, బయటికొచ్చాకే ఫోను తీయండి.

రాత్రిడ్యూటీ:

నేను నర్సును, అత్యవసర విభాగంలో. పెద్దాయన పెద్ద మంటల గురించి చెప్పారు, నావి చిన్న వస్తువులు.

పిల్లలు మింగే మందులు చాలాసార్లు తాతయ్యలవీ బామ్మలవీ. మీ మామగారి బీపీ, షుగరు బిళ్లలు దిండు పక్కన ఉంటే ఈ పూటే తాళం పడే అరలోకి మార్చండి. రిమోటు, ఆటబొమ్మ, బరువు తూచే యంత్రం వెనక మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. లోపలి గుండ్రటి బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందన్న అనుమానం ఉన్నా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

స్నానాల గదిలో బక్కెట్టు నిండుగా వదలకండి. ఆ వయసు పిల్లలకు తల బరువు, తొంగి చూస్తూ తలకిందులైతే తిరిగి లేవలేరు. అడుగున కొద్దిపాటి నీళ్లున్నా ప్రమాదమే, పైగా చప్పుడే ఉండదు.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు కొళాయి ధార కింద పెట్టండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. ఆ పేస్టు గీకి తీసేటప్పుడు పిల్లలు పెట్టే ఏడుపు మేము వినలేం.

బ్లీచింగ్ ద్రావణాన్నీ యాసిడ్‌నీ ఒకే రోజు ఒకే గదిలో వాడకండి, కలిస్తే క్లోరిన్ వస్తుంది. ఏదీ తాగునీటి సీసాలో పోసి ఉంచకండి. చూపు తగ్గినవారికి సీసా రూపమే గుర్తు.

పడమటిగాలి:

అందరికీ నమస్కారం. గీజరు ఎంసీబీ అప్పుడే దించేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే ఎర్త్ తీగ ఎక్కడికీ కలపకుండా లోపల చుట్టపెట్టి ఉంది. ఇప్పుడు ఎర్త్ పడింది, ఎలిమెంట్ మారింది, ఆర్‌సీసీబీ వచ్చే వారం పెడతామన్నారు. బిళ్లలు బీరువాలోకి వెళ్లాయి.

చీకట్లో నడిచాం. మామగారు అందరికంటే ముందు గుమ్మం చేరారు, ఆయనకు గోడ అలవాటే. మావారు మాత్రం పాప మూడు చక్రాల బండికి తట్టుకుని నన్ను తిట్టారు. ఎక్స్‌టింగ్విషర్‌ను ఆయనే గుమ్మం దగ్గరకు మార్చారు. తాళంచెవి ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. తలుపు పక్కనే మేకుకు తగిలిస్తే కిటికీలోంచి కర్రతో లాగేస్తారని ఆయన వాదన.

పాతసైరన్:

ఆయన వాదనలో పస ఉంది. అందుకని మేకును కిటికీలోంచి కర్ర అందని గోడకు, పాపకు అందనంత ఎత్తులో, తలుపు నుంచి రెండడుగుల లోపు కొట్టండి. రెండు తలుపులకూ ఒకే చెవి పట్టేలా తాళాలు మార్చగలిగితే ఇంకా మేలు. ఎప్పుడైనా మార్చేటప్పుడు లోపలి నుంచి చెవి లేకుండా తిప్పి తీసే తాళం అడగండి, అప్పుడు ఈ గొడవే ఉండదు. ఆ మేకు ఎక్కడుందో మామగారి చేతిని దాని మీద పెట్టి చూపించండి.