అప్‌డేట్ తర్వాత హోమ్ స్క్రీన్ నిండా యాడ్సే – ఆపే దారి ఉందా?

గోదారి_గట్టు:
పోయిన దసరాకి 55 అంగుళాల స్మార్ట్ టీవీ తీసుకున్నాం, పేరున్న కంపెనీదే. మొన్న రాత్రి అడగకుండానే అప్‌డేట్ వేసేసుకుంది. ఇప్పుడు ఆన్ చేస్తే సగం తెర ఏదో సినిమా బ్యానరే. ఈ బ్యానర్ పోతుందా? మనం చూసేదంతా కంపెనీకి చేరుతుందంటున్నారు, అది ఆపొచ్చా? ఇంకోటి, మా అమ్మకి రెండు రిమోట్లతో కుదరట్లేదు. టీవీ, సెట్‌టాప్ బాక్స్ ఒక్కదానితో నడుస్తాయా?

హన్మకొండ_శీను:
బ్యానర్ మాటెత్తకన్నా, బీపీ పెరుగుతుంది. మా రిమోట్ మీద నాలుగు ఓటీటీ బటన్లున్నాయి. అందులో రెండింటికి మేం డబ్బులే కట్టలేదు. చీకట్లో సౌండ్ తగ్గిద్దామని నొక్కితే అదే ఓపెనవుతుంది. వాటిని మార్చుకునే యాప్ ఏదైనా ఉందా?

సుజాత_మల్కాజిగిరి:
మీది గూగుల్ టీవీ అయితే సెట్టింగ్స్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి 'యాప్స్ ఓన్లీ మోడ్' ఆన్ చేయండి. సిఫార్సుల వరసలు పోతాయి. పైనున్న పెద్ద బ్యానర్ మాత్రం పోకపోవచ్చు. మైకులో వెతకడం కూడా ఆగిపోతుంది. మా మామగారు రిమోట్‌తో మాట్లాడందే టీవీ చూడరు, అందుకే నేను మళ్లీ పాతదానికే మార్చేశాను.

ప్యాకెట్_ప్రసాద్:
పదిహేనేళ్లుగా నెట్‌వర్కింగ్‌లో ఉన్నాను. ఈ సెట్టింగులన్నీ పైపూత. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, యాడ్ల సర్వర్లని అడ్డుకునే పై-హోల్ వేసి, రౌటర్‌లో డీఎన్ఎస్ (సర్వర్ల అడ్రసులు చెప్పేది) దానికి తిప్పండి. టీవీ మొండికేసి నేరుగా గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8ని అడిగితే, ఆ అడిగే దారిని, అంటే పోర్ట్ 53ని, ఫైర్‌వాల్‌లో మళ్లించండి. అరగంట పని. ఇక చూసేది కంపెనీకి చేరడం అంటారా, సెట్‌టాప్ బాక్స్ ఉన్నవాళ్లకి ఆ టెన్షనే అక్కర్లేదు. బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వచ్చే బొమ్మ ఏమిటో టీవీకి తెలియదు.

డాలస్_వదిన:
ప్రసాద్ గారూ, సరిగ్గా తిరగేసి చెప్పారు. మనం చూసేదేమిటో టీవీ పసిగట్టడాన్ని ఏసీఆర్ అంటారు. తెర మీద బొమ్మ నుంచో శబ్దం నుంచో వేలిముద్ర లాంటిది తీసి సర్వర్‌లో సరిపోల్చుకుంటుంది. బొమ్మ ఎటు నుంచి వస్తే దానికేం? 2024లో లండన్, డేవిస్, మాడ్రిడ్ యూనివర్సిటీల వాళ్లు శాంసంగ్, ఎల్‌జీ టీవీల ట్రాఫిక్ పరీక్షించారు. హెచ్‌డీఎంఐలో ల్యాప్‌టాప్ పెట్టినా ఏసీఆర్ పనిచేసింది. టీవీలోనే ఉన్న నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ చూసినప్పుడు చేయలేదు. సెట్టింగ్స్‌లో ఆపేస్తే ఆ ట్రాఫిక్ ఆగింది కూడా. కాబట్టి అది పైపూత కాదు. శాంసంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' వెతకండి.

ప్యాకెట్_ప్రసాద్:
అదంతా అక్కడి సంగతి మేడమ్. హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ ఎన్‌క్రిప్షన్, అంటే బొమ్మకి తాళం, ఉంటుంది. సర్టిఫికేషన్లు ఊరికే రాలేదు నాకు.

డాలస్_వదిన:
ఎన్‌క్రిప్షన్ కేబుల్ వరకేనండీ. విప్పకుండా టీవీ బొమ్మెలా వేస్తుంది? అక్కడి సంగతే అంటారా, 2017లో ఇక్కడ అమెరికాలో విజియో అనే టీవీల కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టింది. కోటీ పది లక్షల టీవీల నుంచి, చూసేవాళ్ల అనుమతి లేకుండా డేటా లాగారన్నది కేసు. కేబుల్ బాక్స్, డీవీడీ, ఏది పెట్టినా లాగారని ఆ ఫిర్యాదులోనే ఉంది.

కేబుల్_మామ:
మీరు టీవీని తిడుతున్నారు గానీ, నన్నడిగితే సెట్‌టాప్ బాక్స్ ఇంకా ఘోరం. ఆపరేటర్‌ని మారిస్తే బాక్స్ అటకెక్కాల్సిందే. ఏ బాక్సయినా ఏ ఆపరేటర్ దగ్గరైనా పనిచేయాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. చేసి ఏం లాభం? మా అటక మీదికెళ్లి చూడండి.

హన్మకొండ_శీను:
మామా, ప్యాకుల సంగతి కూడా అనరాదే. కావలసిన ఛానెళ్లకే డబ్బులు కట్టండి అని 2019లో ఊదరగొట్టారు. విడిగా లెక్కేస్తే ప్యాకే చవక. ఆ ప్యాక్ నిండా మనకు రాని భాషలు.

లైనక్స్_లక్ష్మణ్:
శీను అన్నా, రిమోట్ బటన్లకి 'బటన్ మ్యాపర్' యాప్ చూడు, ఆండ్రాయిడ్ టీవీలో చాలా రిమోట్లకి పనిచేస్తుంది. బ్యానర్ పూర్తిగా పోవాలంటే లాంచరే, అంటే హోమ్ స్క్రీన్ చూపించే యాప్‌నే, మార్చాలి. 'అబౌట్'లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. ప్రొజెక్టివీ లాంచర్ వేసుకుని, పాతదాన్ని ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీతో (ఆండ్రాయిడ్‌కి కమాండ్లు పంపే టూల్) డిసేబుల్ చేయండి. ముందు కొత్తది పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే. ఉత్సాహం ఎక్కువై, టీవీ ఓఎస్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్‌ని అన్‌లాక్ చేసే జోలికి మాత్రం వెళ్లొద్దు. ఓటీటీ వీడియోలకి కాపలా ఉండే వైడ్‌వైన్ భద్రత పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి పడితే ఓటీటీల్లో హెచ్‌డీ రాదు.

ఆర్టీసీ_రవి:
ఇంత తంటా ఎందుకు? మా టీవీకి వైఫై పాస్‌వర్డే ఇవ్వలేదు. పెన్‌డ్రైవ్, కేబుల్, అంతే. యాడ్ లేదు, అప్‌డేట్ లేదు.

సుజాత_మల్కాజిగిరి:
అంత డబ్బు పోసి కొని పెన్‌డ్రైవ్‌లో చూడాలా? మీ ఇంట్లో పిల్లలు లేరా?

ఆర్టీసీ_రవి:
ఉన్నారమ్మా. పుస్తకాలు చదువుతారు.

సుజాత_మల్కాజిగిరి:
సంతోషం. పెంపకం పాఠాలకి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

గోదారి_గట్టు:
అయ్యా, రిమోట్ సంగతి ఎవరైనా…

లైనక్స్_లక్ష్మణ్:
అసలు మన దగ్గర వేరే ఓఎస్ టీవీలు ఎందుకు తక్కువో తెలుసా? ప్లే స్టోర్ కావాలంటే ఆండ్రాయిడ్ మూట మొత్తం ఎత్తుకోవాలనేది టీవీ కంపెనీలకి గూగుల్ పెట్టిన షరతు. దాని మీద సీసీఐలో, అంటే కాంపిటీషన్ కమిషన్‌లో, కేసు నడిచింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్లు కట్టి సెటిల్ చేసుకుంది. ప్లే స్టోర్ లైసెన్స్ ఇక విడిగా ఇస్తానంది. కంపెనీలు తీసుకుంటాయా లేదా చూడాలి.

కేబుల్_మామ:
గోదారి బాబూ, ఒకే రిమోట్‌తో రెండూ నడవాలంటే టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేసి చూడు, హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే రెండూ మాట్లాడుకుంటాయి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, సోనీలో బ్రావియా సింక్, ఎల్‌జీలో సింప్‌లింక్. బాక్స్‌కి కూడా సీఈసీ ఉండాలి, పాతవాటికి ఉండదు. లేకపోతే బాక్స్ రిమోట్ మీద 'టీవీ' అని గీత గీసి విడిగా బటన్లున్నాయేమో చూడు. ఉంటే టీవీ రిమోట్‌ని దానికి ఎదురుగా పెట్టి పవర్, సౌండ్ నేర్పించొచ్చు. మీ ఆపరేటర్ కుర్రాడికి తెలిసే ఉంటుంది. ముందు టీ ఇవ్వండి, తర్వాత అడగండి.

ప్యాకెట్_ప్రసాద్:
హెచ్‌డీఎంఐ సంగతి తేలకుండా ఎటెటో పోయారు. ఆదివారం టీవీ నుంచి నెట్‌లోకి ఏం వెళ్తుందో వైర్‌షార్క్‌తో పట్టి, ఆ క్యాప్చర్ ఇక్కడే పెడతాను, అప్పుడు మాట్లాడండి.

డాలస్_వదిన:
పెట్టండి. ఆ పై-హోల్ మాత్రం ఆపేసి తీయండి. ఆన్‌లో ఉంచి ఏమీ వెళ్లలేదంటే కుదరదు.