కమాను కిటికీకి ‘శరం’ ఎంత?

కావలి నుంచి:
బిట్రగుంట లోకోషెడ్డు కాలం నాటి ఇటుక కట్టడాల తీరులో 1:87 (అసలులో 87వ వంతు) రైలు నమూనా చేసేవాళ్లకు కొలతల పట్టిక తెలుగులో రాస్తున్నాం. కిటికీల పైన అర్ధచంద్రం కాదు, తక్కువ వంపున్న కమాను. దాని రెండు కొసల్నీ కలిపే గీత నుంచి నడినెత్తి దాకా ఉన్న కొలతకు ఏ మాట వాడాలి సార్? ‘ఎత్తు’ అంటే కిటికీ ఎత్తనుకుంటారు. మేస్త్రీలు ‘రైజు’ అంటారు.

ఒంగోలు నుంచి:
‘శరం’ అని రాయండి. చాపం విల్లు, జ్యా వింటినారి, నడుమ నిలిచిన బాణం శరం. కమాను అన్న పారశీక మాటకూ విల్లనే అర్థం, పక్కపక్కన చక్కగా ఇముడుతాయి. ఆర్యభటీయం గణితపాదం 17వ శ్లోకం చివరి సగం చూడండి:

వృత్తే శరసంవర్గోఽర్ధజ్యావర్గః స ఖలు ధనుషోః

వృత్తాన్ని జ్యా రెండు విల్లులుగా చీలిస్తే, ఆ రెండు శరాల లబ్ధం సగం జ్యా వర్గానికి సమానం. మీ కిటికీకి కావలసిన లెక్కంతా ఇందులోనే ఉంది. అసలు కిటికీ వెడల్పు 3 అడుగులు, శరం 6 అంగుళాలు అనుకుందాం. 1:87లో అడుగుకు 3.5 మి.మీ. లెక్కన వెడల్పు 10.5, శరం 1.75. వెడల్పే ఇక్కడ జ్యా. సగం జ్యా 5.25, దాని వర్గం 27.56. 1.75తో భాగిస్తే 15.75, అది కింది విల్లు శరం. రెండూ కూడితే వ్యాసం 17.5, వ్యాసార్ధం 8.75 మి.మీ. పూర్తి అర్ధచంద్రమైతే లెక్కే అక్కర్లేదు, శరమే వ్యాసార్ధం.

శరం కొలవడంలో మాత్రం ఏమరకూడదు. 1.75 బదులు 2.25 అని తీస్తే వ్యాసార్ధం 7.25కి పడిపోతుంది. అర మిల్లీమీటరు తేడాకే కమాను గూనిగా కనిపిస్తుంది.

నెల్లూరు నుంచి:
శరం బాగుంది. తొలిసారి వచ్చినచోట ‘శరం, అంటే మేస్త్రీల రైజు’ అని ఒక్క ముక్క చేర్చండి, చాలు. నాకు అంతకన్నా పట్టింపు ఉన్నది క్రియ దగ్గర. ‘వంపును కోయండి’ అని రాయొద్దు, ‘గీరండి’ అనండి. కోయమంటే బ్లేడును అదిమిపెడతారు. 1 మి.మీ. స్టైరీన్ షీటులో అదిమిన బ్లేడు వంపు దారి తప్పుతుంది, రెండు వైపులా ప్లాస్టిక్ గట్టులా లేస్తుంది. విభాగిని (డివైడర్) మొనతో అదే చాపం మీద తేలిగ్గా పదిసార్లు గీరితే గాడి పడుతుంది, తర్వాత బ్లేడు ఆ గాడిలోనే నడుస్తుంది. సూది గుచ్చిన కేంద్రం తీసేసే ముక్కలోనే ఉంటుంది కాబట్టి గోడకు మచ్చ రాదు.

వరస కూడా ముఖ్యం. ముందు వంపు, ఆ తర్వాతే నిలువు పక్కలు. నిలువు గీతలు ముందు తెగితే నడుమ ముక్క కదులుతుంది, వంపు కలిసే మూల దగ్గర బ్లేడు గోడలోకి దూసుకుపోతుంది. ఆ రెండు మూలల్లో, గీతకు లోపలివైపు, 1 మి.మీ. రంధ్రాలు ముందే వేస్తే కోత అక్కడ ఆగుతుంది. గీతకు కొంచెం లోపలే తీసి, మిగిలింది గుండ్రటి ఆకురాయితో సరిచేయాలి. ఆకురాయి మొన సన్నం, మొదలు లావు. ఒక్క వైపు నుంచే రాస్తే రంధ్రం గరాటులా తయారవుతుంది, రెండు వైపుల నుంచీ పట్టాలి.

కావలి నుంచి:
కమాను చుట్టూ ఇటుకల సందు గీతలు ఎప్పుడు గీయాలి?

నెల్లూరు నుంచి:
నడుమ ముక్క తీయకముందే. సందులన్నీ అదే కేంద్రం వైపు చూడాలి, ముక్క పోతే కేంద్రం కూడా పోతుంది. ఇటుక నిడివి 9 అంగుళాలైతే ఇక్కడ 2.6 మి.మీ., కాబట్టి బయటి చాపం 11.4 వ్యాసార్ధంతో అదే సూది రంధ్రం నుంచి తిప్పండి. నిలువు సందులు గీసేదానికి చేయి పోతుంది, కొసల దగ్గర ఇటుకలు జారిపోయే కమానులా ఉంటుంది అప్పుడు.

ఒంగోలు నుంచి:
అయితే పట్టికలో వెడల్పు, శరం, లోపలి వ్యాసార్ధం, బయటి వ్యాసార్ధం అని నాలుగు గడులు పెట్టండి. కిటికీ ఎత్తు గడిలో ‘వంపు మొదలయ్యేదాకా’ అని తప్పక రాయండి.