శనివారం పొద్దున కార్టూన్లు ఎప్పుడు పోయాయి? అమెరికాలో పెరిగినవాళ్ళు చెప్పండి

ఎడిసన్_అబ్బాయి
గత నెల కేబుల్ తీసేసి, 20 డాలర్లు పెట్టి యాంటెన్నా కొని కిటికీకి అంటించాను. శనివారం ఎనిమిదింటికి మావాడిని (7 ఏళ్ళు) నిద్ర లేపి, "రా, నాన్న చిన్నప్పుడు ఏం చూసేవాడో చూపిస్తా" అని గొప్పగా టీవీ ముందు కూర్చోబెట్టాను. ఒక ఛానెల్లో పశువుల డాక్టరు ఆవుకి ఇంజెక్షన్ చేస్తున్నాడు. ఇంకోదాంట్లో వార్తలు. మూడోదాంట్లో అరగంట సేపు పెనం అమ్ముతున్నారు. "నాన్నా, నువ్వు చిన్నప్పుడు పెనాలు చూసేవాడివా?" అన్నాడు మావాడు.

నేను 1986లో ఆరేళ్ళప్పుడు వచ్చాను. ఎన్‌బీసీ ఛానెల్లో స్మర్ఫ్‌లు అనే కార్టూన్ చూస్తూ సగం ఇంగ్లీష్ నేర్చుకున్నాను. కాలేజీకి వెళ్ళాక చూడటం మానేశాను. మళ్ళీ ఇప్పుడు తిరిగి చూస్తే అసలు లేవు. ఎప్పుడు ఎత్తేశారు, ఎందుకు ఎత్తేశారు? ఎవరికైనా గుర్తుందా?

కొలంబస్_పిల్ల
ఎందుకు పోయాయో నాకు తెలీదు కానీ, ఉన్న రోజుల్లో కూడా నాకు సరిగ్గా దక్కలేదు. ఆ ఏడుపు ఇక్కడ ఏడుస్తాను.

మా చిన్నప్పుడు గుడి అంటే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడే. కొలంబస్ నుంచి మూడు గంటలు. నెలకో శనివారం నాన్న ఏడున్నరకల్లా కారు స్టార్ట్ చేసి హారన్ కొట్టేవారు. అమ్మ పులిహోర డబ్బాకి మూత పెట్టేలోపు నేనూ తమ్ముడూ టీవీకి అతుక్కుపోయి ఉండేవాళ్ళం. కథ సరిగ్గా మలుపు తిరిగే చోట హారన్. గుడి లేని శనివారాల్లో పదింటికి కూచిపూడి క్లాసు. వీసీఆర్ కొన్నాక టైమర్ పెట్టి వెళ్ళాం. సాయంత్రం వచ్చి చూస్తే మూడు గంటల గోల్ఫ్. ఛానెల్ మార్చింది తమ్ముడేనని నేను ఇప్పటికీ అంటాను, వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

సోమవారం స్కూలు బస్సులో అందరూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. నేను చూసిన పది నిమిషాలకి మిగతా కథ అల్లి చెప్పేదాన్ని. వాళ్ళ ఇంట్లో, మా ఇంట్లో ఒకే టైముకి ఒకే బొమ్మ కనిపించేది ఆ ఒక్క పూటే కదా, అది వదులుకోబుద్ధి అయ్యేది కాదు.

ఇంకోటి. ఏబీసీలో కార్టూన్ల మధ్య స్కూల్‌హౌస్ రాక్ అని మూడేసి నిమిషాల పాటలు వచ్చేవి, 1973 నుంచి. అందులో బిల్లు చట్టంగా ఎలా మారుతుందో చెప్పే పాట ఒకటి ఉంది. మా అమ్మ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి పుస్తకం పక్కన పెట్టి ఆ పాట వింటూ తయారైంది. పాసయింది కూడా.

ట్రాఫిక్_డెస్క్
నేను ఒక లోకల్ టీవీ స్టేషన్లో 12 ఏళ్ళు పనిచేశాను (పేరు వద్దులెండి). ట్రాఫిక్ అంటే రోడ్డు ట్రాఫిక్ కాదు, ఏ నిమిషంలో ఏ యాడ్ పడాలో చూసే డిపార్ట్‌మెంట్. ఎడిసన్ గారి ప్రశ్నకి జవాబు ఒక్క తేదీలో లేదు. ఒక్కో నెట్‌వర్క్ (దేశమంతటా లోకల్ స్టేషన్లకి ప్రోగ్రాములు ఇచ్చే ఎన్‌బీసీ, ఏబీసీ లాంటివి) ఒక్కోసారి దుకాణం మూసేసింది.

ముందు ఎన్‌బీసీ, 1992లో. ఫాక్స్ 2002లో సొంత బ్లాక్ (వరసగా వేసే పిల్లల ప్రోగ్రాముల కట్ట) ఆపి ఆ నాలుగు గంటలూ 4కిడ్స్ అనే కంపెనీకి అద్దెకిచ్చింది, 2008 డిసెంబరు తర్వాత అదీ లేదు. మీరు చూసిన పెనాల ప్రోగ్రాములు అక్కడ దిగినవే. ఏబీసీ 2011లో, సీబీఎస్ 2013లో ఆ పూటని లిట్టన్ అనే కంపెనీ ప్రోగ్రాములకి ఇచ్చేశాయి. జంతువులు, ప్రయాణాలు, అలాంటివి. చివరికి మిగిలింది సీడబ్ల్యూ, అది 2014 సెప్టెంబరు 27న ఆపింది. ఎన్‌బీసీ మధ్యలో చంటిపిల్లల కార్టూన్లతో తిరిగొచ్చి 2016 దాకా నడిపింది కానీ, మనం మాట్లాడుకునే కార్టూన్లు అవి కావు.

ఎందుకు అంటే, లోపల కూర్చున్న మాకు కనిపించింది రూల్సు. 1990లో పిల్లల టీవీ చట్టం వచ్చింది. వారాంతంలో పిల్లల ప్రోగ్రాముల్లో గంటకి పదిన్నర నిమిషాలకి మించి యాడ్‌లు వెయ్యకూడదు. 1996లో ఎఫ్‌సీసీ (టీవీ, రేడియోలకి రూల్సు పెట్టే ప్రభుత్వ సంస్థ), వారానికి 3 గంటలు చదువుకి పనికొచ్చే ప్రోగ్రాములు చూపించమంది. స్క్రీన్ మూల 'ఈ/ఐ' అని చిన్న గుర్తు పడుతుంది చూడండి, అదే. అప్పట్లో మూడు నెలలకోసారి రిపోర్టు పంపాల్సి వచ్చేది. ఆ రిపోర్టు నింపింది నేనే.

అన్నిటికంటే టెన్షన్ పెట్టిన రూలు వేరే. ఒక బొమ్మ పేరు మీద కార్టూన్ వస్తుంటే, దాని మధ్యలో ఆ బొమ్మ యాడ్ పడకూడదు. ఒక్క 30 సెకండ్లది పొరపాటున పడితే, అరగంట ప్రోగ్రాము మొత్తం యాడ్ కిందే లెక్క. మా దగ్గర ఒకసారి పడింది. ఆ వారం నాకు నిద్ర లేదు. పశువుల డాక్టరు ప్రోగ్రాముకి ఈ గొడవేమీ లేదు, ఆవు బొమ్మలు ఎవరు అమ్ముతారు?

కేబుల్_కట్
ఈ విషయం వస్తే అందరూ ఎఫ్‌సీసీ నెత్తినే వేస్తారు. తేదీలు చూడండి ఒకసారి. ఎన్‌బీసీ మానేసింది 1992లో, 3 గంటల రూలు వచ్చింది 1996లో. నాలుగేళ్ళ తర్వాత రాబోయే రూలుకి భయపడి మానేసిందా?

అసలు దెబ్బ అంతకు ముందే తగిలింది. బొమ్మల పేరు మీద తీసిన కార్టూన్లు, 1983లో హీ-మ్యాన్, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ వచ్చాయి. ఇవి నెట్‌వర్కులవి కావు, లోకల్ స్టేషన్లకి విడిగా అమ్మినవి, స్కూలు వదిలాక రోజూ సాయంత్రం వచ్చేవి. పిల్లల యాడ్‌ల మీద ఉన్న పరిమితులు ఎఫ్‌సీసీ 1984లోనే ఎత్తేసింది, బొమ్మల కంపెనీలకి పండగ. అంటే ట్రాఫిక్ గారు చెప్పిన 1990 చట్టం, ముందు వదిలేసిన పగ్గాలు మళ్ళీ పట్టుకోవడమే. 1991 ఆగస్టులో నికెలోడియన్ అనే కేబుల్ ఛానెల్ సొంత కార్టూన్లు మొదలుపెట్టింది. 1992 అక్టోబరు 1న కేబుల్లోనే కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది, 24 గంటలూ అవే. వారానికోసారి దొరికేది రోజూ దొరుకుతుంటే శనివారం దాకా ఆగేదెవరు? ఎన్‌బీసీ లెక్క సింపుల్. పెద్దవాళ్ళకి శనివారం కూడా టుడే షో అనే పొద్దుటి వార్తల ప్రోగ్రాము, టీనేజీ పిల్లలకి సేవ్డ్ బై ది బెల్ అనే స్కూలు కామెడీ.

ట్రాఫిక్_డెస్క్
@కేబుల్_కట్ 1992 సంగతి ఒప్పుకుంటున్నాను. కేబులే మొదటి దెబ్బ. కానీ మిగిలిన నెట్‌వర్కులు ఇంకో ఇరవై ఏళ్ళు లాగాయి కదా, వాటిని ముంచింది రెండూ కలిసి. ఆ 3 గంటలు ఎక్కడ సర్దాలి? సాయంత్రాలు వార్తలకీ టాక్ షోలకీ పోయాయి, మిగిలింది శనివారమే. రూలు కార్టూన్ వద్దనలేదు, చదువు చెప్పే కార్టూన్ అయితే అదీ లెక్కలోకి వచ్చేది. కానీ కార్టూన్ గియ్యడం కంటే కెమెరా పట్టుకుని జూకి వెళ్ళడం చవక. అంతే సంగతి. 2019లో ఎఫ్‌సీసీ రూల్సు కొంత సడలించింది, పొద్దున 6 గంటల నుంచే లెక్కలోకి తీసుకుంటోంది. కార్టూన్లు మాత్రం వెనక్కి రాలేదు.

బెజవాడ90
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మాకు ఇక్కడ శనివారం కాదు, ఆదివారం. దూరదర్శన్లో జంగిల్ బుక్, హిందీలో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా టైటిల్ పాట మాత్రం వీధి వీధంతా పాడేవాళ్ళం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. పక్క వీధిలో కరెంటు ఉందేమోనని పరిగెత్తి, ఎవరింట్లో టీవీ మోగుతుంటే వాళ్ళ గుమ్మంలో నిలబడేవాళ్ళం. డక్‌టేల్స్ అనే బాతుల కార్టూన్ కూడా ఆదివారాలే చూశాను. అది అమెరికాలో శనివారం వచ్చేదా?

కేబుల్_కట్
@బెజవాడ90 లేదు బ్రో, డక్‌టేల్స్ ఇక్కడ 1987 నుంచి రోజూ స్కూలు తర్వాత వచ్చేది. నేను పైన చెప్పింది అదే. మీరు ఆదివారం కోసం ఎదురుచూసిందే ఇక్కడ శనివారాన్ని తినేసిన వాటిలో ఒకటి.

బెజవాడ90
అయ్యో. ఆ బాతు మీద ఇన్నాళ్ళు ఉన్న గౌరవం పోయింది.

ఫ్రీమాంట్_అమ్మ
మీరందరూ పిల్లల వైపు నుంచి చెప్తున్నారు. తల్లి వైపు నుంచి నేను చెప్తాను. మేం 1994లో వచ్చాం. మావారు ప్రాజెక్టు అని వారమంతా వేరే ఊళ్ళో, ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే. శనివారం పొద్దున పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లేచి, గిన్నెలో సీరియల్, పాలు పోసుకుని పవర్ రేంజర్స్ పెట్టుకునేవాళ్ళు. తొమ్మిదిన్నర దాకా నన్ను లేపేవాళ్ళు కాదు. వారం మొత్తంలో నాకున్న నిద్ర అదే. పాలు సోఫా మీద ఒలికినా ఏమీ అనేదాన్ని కాదు.

దానికి కట్టిన ఖరీదు వేరే ఉందనుకోండి. లేచేసరికి ఇద్దరూ ఒక లిస్టు తయారుగా పెట్టుకునేవాళ్ళు. యాడ్‌లో చూసిన బొమ్మ, పెట్టెలో ఫ్రీగా ఏదో వస్తుందని రంగురంగుల సీరియల్. 1999లో పోకెమాన్ వచ్చాక కార్డులు. ఎన్ని డాలర్లు తగలేశానో లెక్కలేదు. ట్రాఫిక్ గారూ, ఆ పదిన్నర నిమిషాలు మా ఇంట్లో బాగానే పనిచేశాయండీ. పోతే పోయాయి ఆ కార్టూన్లు, నాకేం బాధ లేదు. నిద్ర మాత్రం గుర్తొస్తుంది.

కొలంబస్_పిల్ల
@ఫ్రీమాంట్_అమ్మ ఆంటీ 😄 మా అమ్మకి ఈ పోస్టు చదివి వినిపించాను. "అవునే, నేనూ పడుకునేదాన్నే" అంది. ఇన్నాళ్ళూ అది పూజ చేసుకునే టైమనుకున్నాను!

లాస్ట్_బెంచ్_సియాటిల్
నాకు 23. మా నాన్న కేబుల్ పెట్టించనన్నారు, కాబట్టి అసలు చివరి రోజుల్లో యాంటెన్నాతో చూసినవాళ్ళలో నేనొకడిని అయ్యుంటాను. సీడబ్ల్యూలో వోర్టెక్స్ అని బ్లాక్. యు-గి-ఓ, డ్రాగన్ బాల్ జీ కై. 2014 సెప్టెంబరులో ఒక శనివారం చూశాను, మామూలుగానే ఉంది. తర్వాతి వారం టీవీ పెడితే కుక్కలకి ట్రైనింగ్ ఇస్తున్నారు. ఛానెల్ తప్పు పెట్టాననుకుని యాంటెన్నా అటూ ఇటూ తిప్పాను. ఇంకో రెండు శనివారాలు అలాగే తిప్పాను కూడా. ఇవాళ ఈ చర్చ చూశాకే అవి చివరివని తెలిసింది.

స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికీ పట్టదు, వాళ్ళంతా అప్పటికే నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నారు.

ఎడిసన్_అబ్బాయి
అందరికీ థాంక్స్. అప్‌డేట్ చెప్తాను. నిన్న యాంటెన్నా రీస్కాన్ చేశాను. మీటీవీ టూన్స్ అని ఒక ఛానెల్ తగిలింది, 2024 జూన్‌లో మొదలైందట, రోజంతా పాత కార్టూన్లే. మావాడిని మళ్ళీ కూర్చోబెట్టాను. పన్నెండు నిమిషాలు కదలకుండా చూశాడు. యాడ్ రాగానే "స్కిప్ చెయ్యి నాన్నా" అన్నాడు. అవదురా అంటే రిమోట్ లాక్కుని అన్ని బటన్లూ నొక్కి, చివరికి బాత్రూముకి వెళ్ళాడు. వచ్చేసరికి కథ అయిపోయింది. "మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అన్నాడు. అదీ అవదన్నాను. నేనేదో కావాలని పెట్టట్లేదన్నట్టు చూశాడు నన్ను.

వాడు ట్యాబ్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం పదకొండింటి దాకా కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి కూరగాయలకి వెళ్ళాలని గుర్తుచేసింది.

లాస్ట్_బెంచ్_సియాటిల్
@ఎడిసన్_అబ్బాయి అన్నా, యాంటెన్నా ఏది? మా దగ్గర రీస్కాన్ చేస్తే ఆ ఛానెల్ రావట్లేదు.

ఎడిసన్_అబ్బాయి
మామూలు కాగితంలాంటిదే తమ్ముడూ. పడమర కిటికీ నుంచి తీసి తూర్పు కిటికీకి అంటించాను, అప్పుడు దొరికింది.