ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ ఎం.ఏ.: లీడ్స్‌లో కొత్తగా దిగాను, కాస్త దారి చెప్పండి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఎఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి, ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్, అంటే వేర్వేరు సంస్కృతుల వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది, చదవడానికి ఇంగ్లండ్‌కి వచ్చాను. ఒక్క ఏడాది కోర్సు. ఇదేం చదువో మా నాన్నగారికి ఇంకా అర్థం కాలేదు. చుట్టాలేమో ఎంబీఏ చేసుకోవచ్చుగా అంటున్నారు. క్లాసులు ఎలా ఉంటాయి? ఆస్పత్రుల్లో తెలుగు ఇంటర్‌ప్రిటర్ పని దొరుకుతుందట, నిజమేనా?

షెఫీల్డ్ నుంచి:

చెల్లీ, ముందు ఇంటర్‌ప్రిటర్ సంగతి తేల్చేద్దాం, తొందరపడితే వీసాకే ఎసరు. పని ఉన్నమాట నిజమే. పిల్లల దగ్గరికి వచ్చి ఉండిపోయిన మన పెద్దవాళ్లకి డాక్టర్ ముందు భాష తెలిసిన మనిషి కావాలి. కానీ ఏజెన్సీలు చాలావరకు ఫ్రీలాన్స్‌గానే తీసుకుంటాయి. అది సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కిందికి వస్తుంది, స్టూడెంట్ వీసా మీద ఒక్క గంట కూడా చేయకూడదు. వారానికి 20 గంటలు ఉన్నాయిగా అని ఎవరైనా అంటే, అవి పేరోల్ మీద ఉద్యోగం చేసేవాళ్లకి. ఇంకో మెలిక ఉంది. బీఏ పిల్లలకి వేసవి సెలవులే, మనకి మాత్రం డిసర్టేషన్ (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) రాసే ఆ నెలలు కూడా టర్మే. వేసవిలో కూడా, కోర్సు అధికారికంగా ముగిసే తేదీ దాకా ఆ 20 గంటల గీత దాటొద్దు. చదువయ్యాక కొంతకాలం ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాలోకి మారితే ఫ్రీలాన్స్ నిక్షేపంగా చేసుకోవచ్చు.

ఇక చదువు. మొత్తం 180 క్రెడిట్లు, మామూలుగా అందులో 60 డిసర్టేషన్‌కే. పాస్ మార్కు 50, డెబ్బై వస్తే డిస్టింక్షన్. మొదటి వ్యాసానికి 58 వచ్చిందని ఇంటికి ఫోన్ చేసి ఏడవకు, ఇక్కడ అది పరువైన మార్కే. వాళ్లు చూసేది నువ్వు ఎన్ని పుస్తకాలు తిరగేశావని కాదు, ఎవరితో ఎక్కడ విభేదించావని.

ఒకటి చెబుతాను, మొదటి టర్మ్‌లోనే తగులుతుంది. జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త రాసిన ఉదాహరణ. బ్రిటన్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టు, అక్కడి స్టాఫ్ క్యాంటీన్‌లో కొత్తగా చేరిన ఇండియా, పాకిస్తాన్ ఆడవాళ్లు. వడ్డించేటప్పుడు ‘గ్రేవీ’ అని గొంతు దించి అనేవాళ్లు. అదే చోట ఇంగ్లిష్ ఆవిడైతే చివర గొంతు లేపి, ‘గ్రేవీ?’ అని అడిగేది. తినేవాళ్లకి మనవాళ్ల మాట ‘ఇదుగో, కావాలంటే తీసుకో’ అన్నట్టు వినపడింది. పొగరుగా ఉంటున్నారని ఫిర్యాదులు. మనవాళ్లకేమో తమని చిన్నచూపు చూస్తున్నారని బాధ. రికార్డింగులు వినిపించాక గానీ ఇద్దరికీ అసలు విషయం తెలియలేదు.

కథ బాగుంది కదా? క్లాసులో అందరూ తలూపుతారు. నువ్వు అక్కడితో ఆగకు. గొంతు మార్చుకోవాల్సింది వడ్డించే ఆవిడే ఎందుకు, తినే మనిషి చెవి ఎందుకు మార్చుకోకూడదు? తర్వాత వచ్చిన విమర్శ అంతా దాదాపు ఇక్కడినుంచే, అపార్థం అనే మాట వెనక ఎవరి చేతిలో అధికారం ఉందో మరుగున పడిపోతోందని. 58ని 68 చేసేది ఆ ప్రశ్నే.

ఇంకొకటి, దేశాల సంస్కృతుల్ని అంకెల్లో కొలిచిన హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడి లెక్కలు. ఇండియాకి పవర్ డిస్టెన్స్ (పెద్ద చిన్న తేడాని జనం ఎంత మామూలుగా తీసుకుంటారన్నది) 77, యూకేకి 35 అని రాసి, అందుకే ఇండియన్ స్టూడెంట్లు ప్రొఫెసర్‌ని ప్రశ్నించరు అని తేల్చేస్తారు. 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగులు నింపిన ఫారాల నుంచి మొదలైన లెక్క అది. శ్రీకాకుళం రైతుకీ సూరత్ వజ్రాల వ్యాపారికీ కలిపి ఒకే 77! ఎఫ్లూ క్యాంటీన్‌లో కూర్చున్నదానివి, అక్కడెవరు ఎవర్ని ప్రశ్నించరో నీకు నేను చెప్పాలా.

రెడింగ్ నుంచి:

అక్క చదువు గురించి చెప్పింది, నేను డబ్బు గురించి చెబుతా. అమ్మాయ్, ఈ డిగ్రీ పేరుతో ఇక్కడ ఉద్యోగ ప్రకటన ఉండదు. యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులు, కౌన్సిళ్లు, శరణార్థుల కోసం పనిచేసే ఛారిటీలు, కంపెనీల్లో ట్రైనింగ్ విభాగాలు, వీటిలో వెతుక్కోవాలి. ఇవేవీ ఐటీ జీతాలు కావు. కంపెనీ ఉద్యోగం ఇస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం గీత ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకి 33,400. ఛారిటీల్లో ఆ రెండో గీత అందుకోవడమే కష్టం. పైగా 2027 జనవరి 1 నుంచి గ్రాడ్యుయేట్ వీసాకి అప్లై చేసే మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే. ఎఫ్లూ డిగ్రీ ఉంది కాబట్టి సెల్టా (ఇంగ్లిష్ బోధించడానికి ఇచ్చే సర్టిఫికెట్ కోర్సు) కూడా చేసి ఇంగ్లిష్ బోధన వైపు ఒక కాలు పెట్టి ఉంచుకో. ఇంటి మీద అప్పు తెచ్చి ఉంటే మాత్రం నాన్నగారికి ఈ లెక్క ఇప్పుడే చెప్పెయ్.

అడిగిన అమ్మాయి:

థ్యాంక్స్ అక్కా, అన్నయ్యా. అప్పు సగమే, మిగతాది అమ్మ బంగారం. డిసర్టేషన్‌కి ఒక ఆలోచన: మన ఆంటీలు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ఎలా మాట్లాడతారో రికార్డు చేస్తే?

షెఫీల్డ్ నుంచి:

ఆలోచన మంచిదే, ఏడాదిలో తెమలదు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పేషెంట్లంటే పరిశోధన నైతికంగా సరైనదేనని యూనివర్సిటీ ఇచ్చే ఎథిక్స్ అనుమతి ఒక్కటే చాలదు, ఎన్‌హెచ్‌ఎస్ అనుమతి వేరే, నెలలు పడుతుంది. దానికి బదులు ఆదివారం తెలుగు బడికి వెళ్లు. టీచర్ తెలుగులో అడుగుతుంటే పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిస్తారు, మధ్యలో ‘అమ్మా’, ‘ప్లీజ్ అమ్మా’ మాత్రం తెలుగు యాసలో. ఎప్పుడు ఏ భాషలోకి దూకుతారన్నది ఒక్కటి పట్టుకున్నా బోలెడు సరుకు. పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకాలు తప్పనిసరి. అనుమతి రాకముందు చేసిన రికార్డింగ్ ఎంత బాగున్నా పనికిరాదు. వివరాల కాగితం తెలుగులో కూడా ఒకటి రాసి పట్టుకెళ్లు, పిల్లల్ని దింపడానికి తాతయ్యలే వస్తారు. రికార్డింగ్ చిన్నదే చాలు. పది నిమిషాల మాటలు తెలుగులో రాసి, కింద ఇంగ్లిష్ వరస పెట్టేసరికి ఒక పూట పోతుంది.