కాటన్ దొర శ్లోకం: మహమతా, మహామతా?

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఫోటోలు ఎవరు పెట్టినా కింద కామెంట్లలో ఈ శ్లోకం వచ్చేస్తుంది.

నిత్యగోదావరీస్నాన పుణ్యదో యో మహమతిః
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథం

రోజూ గోదావరి స్నాన పుణ్యం ఇచ్చిన మహామతి, ఆంగ్లదేశీయుడు, ఆ కాటన్ అనే భగీరథుణ్ణి స్మరిస్తున్నానని అర్థం. చాలాచోట్ల ఇలాగే మహమతిః అని ఉంటుంది, కొందరు మహామతిః అని రాస్తారు, ఏది కరెక్టండీ? ఇంగ్లీషాయన పేరు "కాటనుం" ఎలా అయింది? ఆయన గోదావరి మీద కట్టించింది ఆనకట్ట అయితే స్నానం మాటెందుకు వచ్చింది?

– మహామతిః యే అండి, డౌటే లేదు. ఇది అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు, అయిదోది లఘువు ఆరోది గురువు ఉండాలి. పుణ్యదో యో మహామతిః, అయిదోది మ, ఆరోది హా, చక్కగా సరిపోయింది. ఆ దీర్ఘం ఎగిరిపోతే నడక అక్కడే కుంటుతుంది, పైకి చదివి చూడండి మీకే తెలుస్తుంది. ఇక కాటనుం, మనం కాటను అని ఉకారం చేర్చి పలుకుతాం కదా, దాన్నే గురు శబ్దంలా నడిపి ద్వితీయ పెట్టారు, గురుం లాగా కాటనుం. స్మరామి పక్కన ఆంగ్లేయ వచ్చి యణాదేశం, దొర పేరుకి విభక్తి, అన్నీ ఛందస్సులో ఒదిగిపోయాయి, రాసినాయన చెయ్యి తిరిగిన పండితుడే.

స్నానం సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు, ధవళేశ్వరం ర్యాలి మద్దూరు విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద. తర్వాత కాలవలు పల్లెల్లోకి వచ్చాయి, ఏటికి ఎంతో దూరంగా ఉన్నోళ్లు కూడా తెల్లారి కాలవ రేవులో మునిగితే అది గోదావరి స్నానమే. అందుకే నిత్య అన్నారు. శ్లోకంలో వరి పంట ఊసే లేదు చూడండి, డెల్టా అంతా దానిమీదే బతుకుతున్నా సరే.

– బావుందండి. మ్యూజియంలో పాత ఫోటోలు, ఆనకట్ట నమూనాలు, బయట అప్పటి ఇనప యంత్రాలు చూసొచ్చిన వాళ్లకి ఇంకోమాట కూడా చెప్పాలి, లోతు తెలియని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ గారే రాశారు, కావేరి మీద చోళుల నాటి కల్లణై ఆనకట్ట చూసి. ఇక్కడ ఆయన పక్కనుండి కూలీల్ని కూడగట్టి పని నడిపించింది మన వీణెం వీరన్న గారు. ఆయన్ని తలుచుకునే పద్యమో జానపదమో గోదావరి జిల్లాల్లో ఎవరికైనా నోటికొస్తే ఇక్కడ పెట్టండి, ప్లీజ్, దీర్ఘాలు పోకుండా.