1970లో రాగ్ రాస్తే అది కొత్త సంగీతమా, పాతదానికి కాపీయా?

తెల్లమెట్టు:
నిన్న మా పియానో క్లాసులో పెద్ద వాదనే జరిగింది. విలియం బోల్కమ్ అనే అమెరికన్ స్వరకర్త 1970లో రాసిన ‘గ్రేస్‌ఫుల్ గోస్ట్ రాగ్’ వాయించాను (రాగ్ అంటే మన రాగం కాదు, తాళానికి అడ్డం పడుతూ నడిచే ఒక అమెరికన్ పియానో బాణీ). అంతా విని ఒకాయన "బాగానే ఉందిగానీ, ఇదంతా రాగ్‌లకి పేరుపడ్డ స్కాట్ జోప్లిన్ 1899లోనే చేసేశాడుగా" అనేశారు. రెండు నెలలు కష్టపడ్డాను, ఒళ్ళు మండింది. మీరేమంటారు?

నల్లమెట్టు:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఎడమచెయ్యి కింద ఒక స్వరం, పైన ఒక కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) అని బుద్ధిగా నడుస్తుంటే కుడిచెయ్యి తాళానికి అడ్డం పడుతూ పోవడం జోప్లిన్ ‘మేపుల్ లీఫ్ రాగ్’ నాటి పద్ధతే. డెబ్భై ఏళ్ల తర్వాత అదే కొలతలకి చొక్కా కుట్టి కొత్తదంటే ఎలా? కొత్తగా రాసే ధైర్యం లేనివాళ్ల పని ఇది.

ఐదుఫ్లాట్లు:
ధైర్యం లేకా! అదే బోల్కమ్‌కి 1988లో ‘ట్వెల్వ్ న్యూ ఎట్యూడ్స్’ అనే పియానో సాధన ముక్కలకి పులిట్జర్ సంగీత బహుమతి ఇచ్చారు. అవి వినండి, ఏ కీలో (శ్రుతిలో) ఉన్నాయో వెతుక్కోవాలి. అంటే చేతకాక రాగ్‌లు రాయలేదు, ఇష్టమై రాశాడు. ఇవాళ కందపద్యం రాసేవాణ్ణి నన్నయకి కాపీ అంటామా? పైగా ఆ గోస్ట్ రాగ్ చనిపోయిన నాన్న జ్ఞాపకంగా రాసింది, బి ఫ్లాట్ మైనర్ అనే శ్రుతిలో, గంతులెయ్యాల్సిన తాళం మీద మెత్తగా దిగులు పడుతూ.

నల్లమెట్టు:
కందం మాట బాగుంది, ఒప్పుకున్నా. నాన్న సంగతీ సరే. మరి ఉత్త సరదాకి రాసినవాటిలో కొత్తేముంది?

మధ్యాహ్నంసాధన:
‘సర్పెంట్స్ కిస్’ విన్నారా? ఆదాము అవ్వల కథ మీద ఆయన 1969లో రాసిన నాలుగు రాగ్‌లలో ఒకటి. మధ్యలో మెట్లు వదిలేసి పియానో చెక్క మీద కొట్టాలి. నాకు మొత్తం వాయించేంత సీన్ లేదు, మొన్న ఆ కొట్టే ముక్క ఒక్కటే పట్టుకుని సాధన చేస్తుంటే మా అత్తయ్యగారు గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి తలుపు తీసి, ఎవరూ లేరేమిటే అని లిఫ్టు దాకా చూసొచ్చారు. మళ్ళీ కొట్టాను, పాపం మళ్ళీ వెళ్ళారు.

నల్లమెట్టు:
హహ. కానీ జోప్లిన్ 1910లోనే ‘స్టాప్‌టైమ్ రాగ్’లో కాలితో నేల తట్టమని రాశాడండీ. కాలి దగ్గర్నించి చేతికొచ్చింది, అంతేగా?

మధ్యాహ్నంసాధన:
కాలితో అయితే కింది ఫ్లాటు వాళ్లు వస్తారు. అత్తయ్యగారే నయం.